దూడల మందు

ఆ ఏడు జూన్ మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా నా మనవడు కోల్బీ ముప్పై నాలుగు పౌన్లు పెరిగాడు. బరువు పెరగడమంటే ఏమిటో నాకు తెలుసు. యాభై ఏళ్ళుగా దూడలను కొని, మేపి, ఒళ్ళు చేయించి అమ్మడమే నా పని. గడ్డి తిని పెరిగిన ఒళ్ళు వేరు, మందుతో పెరిగిన ఒళ్ళు వేరు. కళ్ళున్న వాడెవడికైనా తెలుస్తుంది. ఆ వేసవిలో మా ఊళ్ళో కళ్ళున్నవాళ్ళు ఎక్కువమంది లేరు.

మా ఊరు కెస్లర్. టెక్సస్‌లో ఉత్తరపు కొస. ఊళ్ళో జనం రెండు వేలు. బడి ఫుట్‌బాల్ మైదానంలో, అదే బంతి చేత పట్టుకుని హెల్మెట్లతో గుద్దుకునే మా ఆటకు, కూర్చునే చోటు నాలుగు వేల మందికి. ఇంతకంటే ఆ ఊరి గురించి చెప్పాల్సింది లేదు. నేను రెండు గదుల పల్లెబడిలో ఎనిమిదో తరగతి దాకా చదివాను. ఆ బడికి మైదానం లేదు.

ఆగస్టు రెండో శనివారం కొత్త దూడలకు మందు వేస్తున్నాం. దూడను ఇనుప బోనులోకి తోలి మెడ బిగిస్తాం. నేను చెవి పట్టుకుని, పిస్టల్ లాంటి దానితో చర్మం కిందికి గుళికలు దించుతాను. అవి నెలల తరబడి కరుగుతూ దూడకు కండ పట్టిస్తాయి. అందరూ చేసే పనే, చట్టం ఒప్పుకున్న పనే.

కోల్బీ దూడలను తోలుతున్నాడు. ఎండకు చొక్కా విప్పాడు. వీపు నిండా చీము పొక్కులు. మెడ, భుజాలు కలిసిపోయాయి. వాడి దగ్గర వాసన కూడా మారింది. చెమట వాసన కాదు, పులిసిన దాణా తొట్టిలో వచ్చే వాసన.

"వీపుకేమైందిరా?"

"చెమటకాయలు తాతా."

"చెమటకాయలు నేను చూడలేదా? అవి కావు."

"నాన్ననడుగు," అన్నాడు వాడు, మొహం తిప్పుకుని.

అప్పుడే ఒక ఎర్రదూడ బోనులోకి వెళ్ళనని మొరాయించింది. కోల్బీ దాని మూతి మీద పిడికిలితో గుద్దాడు. నాలుగు వందల పౌన్ల దూడ ముందుకాళ్ళ మీద కూలబడింది. ముక్కులోంచి నెత్తురు కారింది. తాగుబోతులు పశువులను కొట్టడం చూశాను. కానీ వీడు చిన్నప్పుడు దూడ కుంటితే దానితోపాటు కుంటుతూ నడిచిన పిల్లాడు.

వాడు తన చెయ్యి తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"నేనెందుకు కొట్టాను తాతా?"

పని ముగించి షెడ్డులోకి వెళ్ళాను. అక్కడ చిన్న ఫ్రిజ్ ఉంది. నా భార్య వెర్నా బతికుండగా అందులో కోళ్ళ మందులు పెట్టేది. ఇప్పుడు దూడల గుళికలు పెడతాను. మూడు పెట్టెలుండాలి, రెండే ఉన్నాయి. షెడ్డు తాళంచెవి నా దగ్గరొకటి, నా కొడుకు రాండల్ దగ్గరొకటి.

రాండల్ గురించి ఒక్క మాట చెబితే చాలు. వాళ్ళమ్మను పూడ్చిన మూడో రోజున కొడుకును తీసుకుని ఆటల శిబిరానికి వెళ్ళిపోయాడు. పేరు ముందే రాయించాడట. అది జరిగి అప్పటికి రెండేళ్ళు. నేను మరచిపోలేదు.

*

తరువాతి శనివారం ఆటగాళ్ళ తండ్రుల సంఘం విందు. ప్రతి ఆటగాడి ముంగిట్లోనూ వాడి ఫొటో, వాడి ఆట చొక్కా మీది అంకె ఉన్న నిలువెత్తు బోర్డు పాతుతారు, దానికి ముందు ఈ తిండి. పొగలో కాలిన మాంసం, తెల్ల రొట్టె, ఊరగాయ దోసకాయ. ఒక టేబుల్ మీద కోల్బీ అంకె యాభై నాలుగు ఆకారంలో కేకు.

మగవాళ్ళంతా కోల్బీ చుట్టూ చేరారు. భుజాలు పిసికారు. తొడ మీద అరచేత్తో చరిచారు. మెడ చుట్టూ వేళ్ళు పెట్టి కొలిచారు. సంతలో కొనబోయే దూడను కూడా నేను అలా పిసకను. పిల్లాడు నవ్వుతూ నిలబడ్డాడు. దాణా కొట్టు నడిపే డబ్ హాట్లీ మూతికి అంటిన కారపు పులుసు తుడుచుకోకుండానే అరిచాడు.

"ఒరే రాండల్! నీ చేతుల్లోంచి జారింది గానీ, వీడి చేతుల్లోంచి ఏదీ జారదురా!"

అందరూ నవ్వారు. ఇరవై మూడేళ్ళ కిందట ఆఖరి నిమిషంలో బంతి జారవిడిచి రాండల్ ఒక ఆట పోగొట్టాడు. అందరికంటే గట్టిగా వాడే నవ్వాడు.

వాణ్ణి మాంసం కాల్చే పొయ్యి వెనక్కు తీసుకెళ్ళాను.

"నా షెడ్డులోంచి పెట్టె తీశావు."

"ఏ పెట్టె?"

"రాండల్."

"సరే, తీశాను. కొత్తది తెచ్చి పెడతాలే. దానికింత రాద్ధాంతమా?"

"పిల్లాడికి పెట్టావా?"

"మెల్లిగా మాట్లాడు నాన్నా. జనం ఉన్నారు."

"పెట్టావా?"

వాడు చేతిలోని ప్లేటు కింద పెట్టాడు. "యూనివర్సిటీ నుంచి ఆటగాళ్ళను ఎంచుకోడానికి వచ్చినాయన ఏమన్నాడో నీకు తెలీదు. బాగా ఆడతాడు, బుర్రుంది, కానీ ఇరవై పౌన్లు తక్కువ అన్నాడు. ఇరవై పౌన్లు! చేతిలో చెయ్యేసి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. పిల్లాడు రోజుకి డజను గుడ్లు తిన్నాడు, పొద్దున్నే నాలుగింటికి లేచి ఇనుము ఎత్తాడు. పెరగలేదు. ఏం చెయ్యమంటావు?"

"ఇరవై పౌన్లు తక్కువగా ఉండనివ్వమంటాను."

"నీకేం, అంటావు. నీ దూడలకి యాభై ఏళ్ళుగా వేస్తున్నావు గదా. ఒక్కటైనా చచ్చిందా?"

"అన్నీ చచ్చాయి," అన్నాను.

వాడికి అర్థం కాలేదు. విడమరచి చెప్పాను. ఆ మందు వేసిన దూడ ఐదారు నెలల్లో కోతకు పోతుంది. ఆ తరువాత రెండేళ్ళకు దాని గుండె ఎలా ఉంటుందో, కాలేయం ఎలా ఉంటుందో నాకు తెలియదు. గుళికలు అమ్మేవాడికీ తెలియదు. ఏ దూడా అంతదాకా బతకదు.

"ఒక్క సీజనే నాన్నా," అన్నాడు. ప్లేటు తీసుకుని జనంలోకి వెళ్ళాడు.

దూడ చెవిలో పెట్టేదాన్ని పిల్లాడి ఒంట్లోకి ఎలా ఎక్కించాడో నేను రాయను. చదివేవాళ్ళలో ఇంకో తండ్రి ఉండవచ్చు.

షెడ్డు తాళం మార్చాను. అది తలుచుకుంటే ఇప్పుడు నాకే రోత. ఊళ్ళో అదే మందు అమ్మే దాణా కొట్లు రెండుండగా నేను తాళం మార్చి ఇంట్లో కూర్చున్నాను. అంతేకాదు. ఆగస్టు ఆఖరి శుక్రవారం మొదటి ఆట. కోల్బీ వరుసలోంచి లేచి ఎదుటి జట్టు పిల్లాణ్ణి హెల్మెట్‌తో గుద్ది రెండు గజాలు వెనక్కు విసిరాడు. ఆ పిల్లాడు పడినచోటే కాళ్ళు కొట్టుకున్నాడు. నాలుగు వేల మంది లేచారు. వాళ్ళతోపాటు నేనూ లేచాను, నేనూ చప్పట్లు కొట్టాను.

*

సెప్టెంబరులో ఒక సాయంత్రం కోడలు మార్లా బంగాళాదుంపల గిన్నె తెచ్చింది. ఎడమ మణికట్టుకు కట్టు ఉంది.

"ఏమైందమ్మా?"

"ఫ్రిజ్ తలుపు తగిలింది మామయ్యా."

"తలుపు తగిలిందా, కోల్బీ తలుపుకేసి తోశాడా?"

ఆమె గిన్నె మూత తీసి మళ్ళీ పెట్టింది. "పాలు అయిపోయాయన్నాను. అంతే. తర్వాత వాడే ఐసు పెట్టాడు మామయ్యా, ఏడ్చాడు కూడా. ఆట ముందు రోజు కదా. ఆ ఒత్తిడి వేరు."

"మందు సంగతి నీకు తెలుసు."

"రాండల్ ఒక్క సీజనే అన్నాడు."

"నీకు తెలుసు."

"కోల్బీకి కూడా ఇష్టమే," అంది. ఆ తరువాత చొక్కా చెయ్యి కట్టు మీదికి లాక్కుంది. "మీరు తినండి, చల్లారిపోతుంది."

నేను తినలేదు. మర్నాడు మైదానం పక్క ఆఫీసుకు వెళ్ళి కోచ్ ప్రూయిట్‌ను కలిశాను. మర్యాద తెలిసిన మనిషి. లేచి కుర్చీ చూపించాడు, కాఫీ పోశాడు. గోడ మీద పలక, దాని మీద పిల్లల పేర్లు, పేర్ల పక్కన బరువులు. జూన్ అంకె, ఆగస్టు అంకె. నా కొట్టాంలోనూ అలాంటి పలక ఒకటి ఉంది.

"ఆ పలక చూసి నీకేమీ అనిపించలేదా?" అన్నాను. "రెండు నెలల్లో ముప్పై నాలుగు పౌన్లు."

"కష్టపడ్డాడు పెద్దాయనా."

"రాండల్ నా షెడ్డులోంచి..."

ఆయన చెయ్యెత్తాడు. "ఆగండి. మీరు చెబుతున్నది దూడల గురించి కదా?"

"కాదు."

"దూడల గురించే అనుకుంటున్నాను నేను. ఎందుకంటే పిల్లల గురించైతే నేను కాగితం మీద పెట్టి పైకి పంపాలి. పంపితే ఒక్క కోల్బీతో ఆగదు. జట్టంతా ఆగిపోతుంది. ఊరు మిమ్మల్నీ నన్నూ ఉంచదు." నా కప్పులో ఇంకాస్త కాఫీ పోశాడు. "ఈసారి దూడలెలా ఉన్నాయి?"

కాఫీ వదిలేసి వచ్చాను. ఆయన గుమ్మం దాకా వచ్చి సాగనంపాడు.

*

సెప్టెంబరు ఆఖరున జిల్లా పశువుల పోటీ. కోల్బీ ఏడాదిగా పెంచిన నల్లదూడకు మొదటి బహుమతి వచ్చింది. ఆ దూడ చెవిలో గుళిక లేదు. పిల్లాడు దాన్ని చేత్తో కడిగి, దువ్వి, తాడు పట్టి నడిపి పెంచాడు. ఆ నెలల్లో దాని దగ్గర ఒక్కదాని దగ్గరే వాడు గొంతు పెంచలేదు.

గెలిచిన దూడకు మూత్రం పరీక్ష చెయ్యాలి. నియమం. దూడను ఒక గడ్డి గదిలో నిలబెట్టి, దాని యజమాని తలతాడు పట్టుకుని పక్కనే ఉండాలి. పశువుల డాక్టరు పొడుగాటి కర్రకు కప్పు కట్టుకుని వెనక కాచుకుని కూర్చుంటాడు. గంట పట్టింది. చెక్క గోడకు ఆనుకుని జనం చూస్తున్నారు. రాండల్ ఉన్నాడు, డబ్ హాట్లీ ఉన్నాడు, కోచ్ కూడా ఉన్నాడు.

"మందు పడ్డ దూడను గెలిపిస్తే మిగతా పిల్లలకు అన్యాయం కదండీ," అన్నాడు డబ్, మొక్కజొన్న పేలాలు నములుతూ. "రూలంటే రూలే."

రాండల్ తలాడించాడు. కోచ్ కూడా తలాడించాడు. ఒక్కడి మొహంలోనైనా ఏదైనా కదులుతుందేమోనని వరసగా చూశాను. ఏదీ కదల్లేదు.

దూడ చివరికి పోసింది. జనం చప్పట్లు కొట్టి చెదిరిపోయారు. డాక్టరు కప్పుకు మూత పెట్టి, చీటీ అంటించి, కోల్బీ చేత సంతకం పెట్టించుకున్నాడు. ఆయన వెళ్ళాక కోల్బీ దూడ మెడ మీద తల ఆనించాడు.

"తాతా."

"ఊఁ."

"నన్ను కూడా ఎవరైనా అడిగితే బావుండు."

"నేనడిగాను గదరా, ఆగస్టులో."

"వీపు గురించి అడిగావు." దూడ మెడ నిమురుతూ అన్నాడు, "రాత్రిళ్ళు గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. నాన్నకు చెబితే ఆటలంటే అంతేరా అన్నాడు."

"మానేస్తావా?"

"నాన్న ఒప్పుకోడు. నువ్వు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళినా నాన్న సంతకం కావాలి."

"నీకు పద్దెనిమిది ఎప్పుడు?"

వాడు తలెత్తి చూశాడు.

మా వైపు ఒక అలవాటుంది. కొడుకు ఆటగాడు కావాలనుకునే తండ్రి వాణ్ణి ఎనిమిదో తరగతిలో కావాలని ఒక ఏడు ఆపేస్తాడు. పిల్లాడు లెక్కల్లో ఎంత చురుగ్గా ఉన్నా సరే. తనకంటే ఏడాది చిన్నవాళ్ళతో ఆడితే వాడు పెద్దగా కనిపిస్తాడు, ఎక్కువగా గుద్దుతాడు. రాండల్ అదే చేశాడు. అప్పుడు వెర్నా వాడితో నెల రోజులు మాట్లాడలేదు. ఆ పని వల్ల కోల్బీకి బడి ఇంకా ఏడాదిన్నర మిగిలి ఉండగానే, అక్టోబరు తొమ్మిదిన, పద్దెనిమిదేళ్ళు నిండుతాయి. తండ్రి సంతకం అక్కర్లేదు. రాండల్ అన్నీ కొలిచాడు గానీ, ఆ సంగతి వాడి బుర్రకు రాలేదు.

*

అక్టోబరు పదిన బడికని బయలుదేరిన పిల్లాణ్ణి నా ట్రక్కులో ఎక్కించుకుని అమరిల్లో పట్నంలోని ఆసుపత్రికి తీసుకెళ్ళాను. కాగితాలన్నీ వాడే నింపాడు, వాడే సంతకం పెట్టాడు.

డాక్టరమ్మ చిన్న వయసుది. "ఏం వాడావు బాబూ?" అంది.

వాడు నా వైపు చూశాడు. షెడ్డులోంచి తెచ్చిన, అవే గుళికల ఖాళీ పెట్టె ఒకటి నేను టేబుల్ మీద పెట్టాను. ఆమె పెట్టె మీది ఆవు బొమ్మ చూసింది, తరువాత నా మొహం చూసింది. నేను చూపు తిప్పుకోలేదు.

"ఎంత వాడావు?"

"నాన్నకు తెలుసు," అన్నాడు వాడు.

నెత్తురు తీశారు, గుండెకు బొమ్మ తీశారు. మధ్యాహ్నం ఆమె మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. గుండె గోడ మందమైపోయింది. కాలేయం వాచింది. ఒంట్లో సహజంగా ఊరాల్సినవి ఊరడం మానేశాయి. మందు మానేస్తే కొన్ని వెనక్కు వస్తాయి. కొన్ని రావు. "మనుషులు వాడే స్టెరాయిడ్ అయితే ఏవి వస్తాయో కొంత చెప్పగలను. దీని సంగతి నాకు తెలీదు," అంది. ఇక ఆడకూడదని కాగితం రాసి ఇచ్చింది.

తరువాత నన్ను పక్కకు పిలిచి ఇంకో మాట చెప్పింది. మందు ఆగిన మొదటి నెలల్లో పిల్లల మనసు కుంగిపోతుంది, ఒంటరిగా వదలొద్దు, ఇంట్లో తుపాకులుంటే తీసేయండి అంది. ఆ సాయంత్రమే నా తుపాకులు రెండూ ట్రక్కులో వేసుకుని పొరుగూరిలో నా తమ్ముడి ఇంట్లో పెట్టి వచ్చాను. వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ పిల్లాడు నా పక్కనే ఉన్నాడు. ఎందుకని అడగలేదు.

మర్నాడు కోల్బీ కాగితం తీసుకెళ్ళి కోచ్ చేతికిచ్చాడు. కాగితమంటూ వచ్చాక కోచ్‌కు దూడల గురించి అడగడానికి వీల్లేకపోయింది. కానీ అందులో గుండె అని ఉంది, మందు అని లేదు. ఆయన హాయిగా ఊపిరి పీల్చుకున్నాడట. వారం తిరక్కుండా యాభై నాలుగో అంకె ఇంకో పిల్లాడికిచ్చాడు.

కోల్బీ నా ఇంటికి వచ్చేశాడు. వెర్నా కుట్టు గదిలో మంచం వేశాను. వారం రోజులు గోడవైపు తిరిగి పడుకున్నాడు. పిలిస్తే లేచేవాడు, పెడితే తినేవాడు. ఒకసారి తింటూ తింటూ చెంచా వదిలేసి ఏడ్చాడు, అరగంట ఏడ్చాడు, ఎందుకో వాడికీ తెలియదు. నేను ఎదురుగా కూర్చున్నాను. ఓదార్చడం నాకు రాదు. అది వెర్నా పని. నేను లేవకుండా కూర్చోగలను, అదే చేశాను.

ఊరు తన పని తను చేసింది. కోల్బీ ఫొటో బోర్డును ఎవరో పీకి నా గేటు ముందు పడేశారు. దాణా కొట్టుకు వెళితే డబ్ హాట్లీ నాకు వినబడేలాగానే అన్నాడు, "ముసలాడికి పెళ్ళాం పోయింది, ఇక ఊరికి సీజను లేకుండా చేస్తున్నాడు." పదిమంది నవ్వారు. గుండె ఎలా ఉందని ఒక్కడూ అడగలేదు.

రాండల్ నెలాఖరున ఒక్కసారి వచ్చాడు. లోపలికి రాలేదు, మెట్ల మీద నిలబడ్డాడు.

"వచ్చే ఏడు ఆడొచ్చేమో," అన్నాడు. "వేరే డాక్టరుకు చూపిద్దాం. ఈవిడ చిన్నపిల్ల, భయపెట్టింది."

"పిల్లాడు లోపలున్నాడు. వెళ్ళి చూడు."

"వాడు నాతో మాట్లాడడు. నువ్వు నేర్పావు."

"వెళ్ళి చూడు, రాండల్."

వాడు టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "నా ఆటలకు నువ్వు ఒక్కసారి వచ్చావా నాన్నా? నాలుగేళ్ళు ఆడాను. ఒక్కసారి?"

"రాలేదు. దూడలుండేవి."

"మరి నాకు చెప్పకు. తండ్రంటే ఏమిటో నువ్వు నాకు చెప్పకు."

అది నిజమే. ఆ తప్పుకు నన్ను క్షమించమని నేను వాణ్ణి అడగలేదు. నేనూ వాణ్ణి క్షమించలేదు. వాడు మెట్లు దిగి వెళ్ళిపోయాడు. కుట్టు గది కిటికీ తెర కదలడం నేను చూశాను.

*

నవంబరు రెండో శుక్రవారం సీజనులో ఆఖరి ఆట. పొరుగు ఊరితో, మా మైదానంలోనే. సాయంత్రం ఐదింటి నుంచే మా ఇంటి ముందు రోడ్డు మీద ట్రక్కులు బారులు తీరాయి, కిటికీల్లోంచి జెండాలు. కోల్బీ ఆ రోజు తనంతట తానే లేచి వరండాలోకి వచ్చి కూర్చున్నాడు. చొక్కా వదులైంది. మెడ మళ్ళీ మెడలాగా కనిపిస్తోంది. వాడి ఒళ్ళో బీన్స్ గిన్నె. ఇద్దరం తుంచుతున్నాం.

ఐదున్నరకు రాండల్ ట్రక్కు వచ్చింది. నల్లది, దూరం నుంచే తెలుస్తుంది. పక్కన మార్లా. కొడుకు ఆడని ఆటకు వాళ్ళు ఎందుకు వెళుతున్నారో నాకు అంతుపట్టలేదు. ఆ రోడ్డు మా వరండాకు ముప్పై అడుగుల దూరం. కోల్బీ గిన్నె పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. చెయ్యి సగం ఎత్తాడు.

ట్రక్కు వేగం తగ్గలేదు. మార్లా తల ఇటు తిరిగింది. రాండల్ తల తిరగలేదు. దుమ్ము లేచి, వరండా దాకా వచ్చి, సద్దుమణిగింది.

కోల్బీ ఇంకా నిలబడే ఉన్నాడు.

"నాన్న హారన్ కొట్టాడు కదా తాతా?"

వెర్నా అయితే కొట్టాడనే చెప్పేది. చెప్పడానికి ఎంతసేపు. కానీ ఆ పిల్లాడికి ఆ ఊళ్ళో అందరూ అబద్ధాలే చెప్పారు.

"లేదురా," అన్నాను. "కొట్టలేదు."

వాడు కూర్చుని గిన్నె ఒళ్ళోకి తీసుకున్నాడు.